గోదారి దాటిన తూటా

మొన్న అమలాపురంలో ఎగ్జిబిషన్‌కి మనవరాలిని తీసుకెళ్ళాను. జెయింట్ వీలు ఎక్కి, చేటంత అప్పడం తిని, చివరికి బెలూన్లు పేల్చే కొట్టు దగ్గర ఆగిపోయింది. వెనక చెక్కకి వరసగా బెలూన్లు, ముందు బల్ల మీద గాలి తుపాకీ. పిల్ల దాన్ని ఎత్తి భుజానికి ఆనించుకుని, ఎలా ఉన్నానో చూడమన్నట్టు నా వైపు తిరిగి నవ్వింది. నాకు తెలియకుండానే నా చెయ్యి వెళ్ళి ఆ గొట్టాన్ని నేలకి వంచేసింది.

"ఏం కాదండి అమ్మగారూ, ఉత్త గాలేనండి," అన్నాడు కొట్టతను.

నిజమే, ఉత్త గాలే. అయినా గొట్టం మీంచి చెయ్యి వెంటనే తీయలేదు. "నానమ్మా, నీకు తుపాకీ అంటే భయమా?" అని నవ్వింది మనవరాలు. అది భయం కాదు. నేను తుపాకీ ఉన్న ఇంట్లో పెరిగాను. ఆ సంగతి దానికి ఎప్పుడూ చెప్పలేదు.

మా నాన్న అప్పట్లో ఏజెన్సీ ప్రాంతంలో బడిపంతులు. అక్కడ నాకు చదువు సాగదని, కొత్తపేట అవతల గోదారి గట్టు కింద ఉన్న పెదనాన్న ఇంట్లో ఉంచారు. మాది చర్చి వీధి. తాతకి ముందు తరం దాకా అందరూ ఆసాముల పొలాల్లో కూలికి వెళ్ళినవాళ్ళే. తాత మిషన్ బడిలో చదువుకుని పంతులయ్యాడు. ఆయన పెద్దకొడుకు, అంటే మా పెదనాన్న, మిలటరీకి వెళ్ళి, మీసాలు నెరిశాక తిరిగి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక ట్రంకుపెట్టే, పొడుగాటి తోలుసంచీ తెచ్చాడు. ఆ సంచీలో ఉన్నదే రైఫిల్. ఆయన పైఆఫీసరు ఉద్యోగం చాలించి వెళ్ళిపోతూ తన వేట తుపాకీని పెదనాన్నకి ఇచ్చేసి, లైసెన్సు కూడా దగ్గరుండి ఇప్పించాడట.

ఊళ్ళో పిట్టల్ని కొట్టేవాళ్ళ దగ్గర నాటు తుపాకులు ఉండేవి. మందు కూరి, రవ్వలు పోసి పేలిస్తే పొగ ఎక్కువ, దెబ్బ తక్కువ. పెదనాన్నది ఆ జాతి కాదు. పక్కన ఉన్న బోల్టు పిడిని ఎత్తి వెనక్కి లాగితే, పేలిపోయిన తూటా గొట్టం టింగుమని ఎగిరిపడేది. ముందుకి నెట్టి పిడి దించితే కొత్త తూటా లోపల కూర్చునేది. మంచి తలుపుకి గడియ పడినట్టు ఉండేది ఆ చప్పుడు.

శనివారం మధ్యాహ్నం అరుగు మీద పాత దుప్పటి పరిచి దాన్ని శుభ్రం చేసేవాడు. సన్నటి కడ్డీకి గుడ్డపేలిక చుట్టి గొట్టంలోకి దూర్చి లాగేవాడు. తుపాకీ నూనెకి ఒక వాసన ఉంటుంది, ఇనుమూ కిరసనాయిలూ కలిసినట్టు. వంటింట్లోంచి చింతపండు వేసి ఉడుకుతున్న చేపల పులుసు వాసన వచ్చేది. పెరట్లో తడి కొబ్బరిపీచు వాసన. ఈ మూడూ కలిసి ఎక్కడైనా తగిలితే నాకు ఇప్పటికీ శనివారమే గుర్తొస్తుంది.

బోల్టు ఊడదీసి, గొట్టాన్ని ఆకాశం వైపు పెట్టి, నన్నూ అక్కనీ చూడనిచ్చేవాడు. అక్క అంటే పెదనాన్న కూతురు, నాకంటే రెండు తరగతులు పెద్ద. గొట్టం లోపల సన్నటి గాడులు మెలి తిరిగి ఉండేవి. వాటి వెంట వెలుతురు సుళ్ళు తిరిగేది.

"ఆ మెలికల్లో తిరుక్కుంటా పోద్ది గుండు. అందుకే సూటిగా పోద్ది," అనేవాడు.

"ఎంత దూరం పోద్దండి?" అని అరుగు కింద కూర్చున్న చుట్టుపక్కలవాళ్ళు అడిగేవారు.

"గోదారి దాటేసి, ఇంకా పోద్ది."

"ఆయ్!" అనేవారు వాళ్ళు మర్యాదగా. ఆయన లోపలికి వెళ్ళాక ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవారు.

మాకు మాత్రం తుపాకీ కంటే ఖాళీ తూటా గొట్టాలే ఇష్టం. కింది పెదవికి ఆనించి ఊదితే ఈల పలికేది. ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు పొడుగాటి ప్రార్థన చేస్తుంటే అక్క కళ్ళు మూసుకునే చిన్నగా ఊదింది. పాస్టరుగారు ఆగి, "ఎవరమ్మా, లోపలికి పిట్ట వచ్చిందా?" అన్నారు. కళ్ళు తెరిచి చూస్తే అక్క మొహం దేవదూతలా ఉంది. ఇంటికొచ్చాక పెద్దమ్మ ఇద్దరి వీపులూ సమానంగా వాయించింది.

పెద్దమ్మకి ఆ తుపాకీ ఇంట్లో ఉండటమే పడదు. తూటాల డబ్బా అటక మీద ఒక మూల, రైఫిల్ ఇంకో గది బీరువాలో ఉండాలని పట్టుబట్టి పెట్టించింది. "దేవుడి దయవల్ల అన్నం దొరుకుతుంది కదా, ఈ ఇనపముక్క దేనికండీ మనకి?" అనేది. పెదనాన్న గొట్టం తుడుచుకుంటూ ఉండేవాడు. దేనికో ఆవిడకీ తెలుసు. ఆ తుపాకీ వచ్చాకే మా వీధిలోకి వచ్చిన బంట్రోతు సైకిల్ దిగి నమస్కారం పెట్టడం మొదలుపెట్టాడు. పెదనాన్నని అంతకుముందు 'ఒరే' అని పిలిచినవాళ్ళు 'ఏవండీ' అనడం నేర్చుకున్నారు.

ఒక ఏడాది వానాకాలంలో పెద్ద వరద వచ్చింది. ఎగువ కొండల్లోంచి కొట్టుకొచ్చిన అడవిపందులు కొన్ని మా ఎదుటి లంకలో, అంటే గోదారి మధ్యన మేట వేసిన దిబ్బలో, చేరిపోయాయి. అక్కడ కంద, అరటి, చెరకు. పందులకి అంతకంటే ఏం కావాలి? క్రిస్మస్ దగ్గర పడుతుండగా మా వీధిలోనే ఉండే ఒకావిడ కంద తవ్వడానికి వెళితే ఒక మగపంది తొడ చీరేసింది. పడవలో తీసుకొస్తుంటే అడుగున నీళ్ళు ఎర్రగా ఉన్నాయని చూసినవాళ్ళు చెప్పారు. ఆవిడ బతికింది, కానీ కూలివాళ్ళు లంకకి వెళ్ళడం మానేశారు.

రెండు రోజులకి లంకలో సగం భూమి ఉన్న ఆసామి మా ఇంటికి వచ్చాడు. ఆయన మా వీధిలోకి రావడం అదే మొదలు. పెదనాన్న కుర్చీ వేశాడు. ఆయన ఒక్క క్షణం కుర్చీ వైపు చూసి కూర్చున్నాడు. నేనూ అక్కా తలుపు వెనక నక్కి చూస్తున్నాం.

"మీరే దిక్కండీ. కందంతా తవ్వి పోసేశాయండి పందులు. మనుషుల్ని కూడా బతకనిచ్చేలా లేవు."

"అలాగేనండి. మంచె కట్టించండి. పైనుంచి కిందకి కొడితే గుండు మట్టిలో దిగిపోద్ది. అడ్డంగా మాత్రం కొట్టనండి నేను. ఇక్కడ కొండా గుట్టా లేవు, ఆపేదేం ఉండదు."

"ఆయ్, మీరెలా అంటే అలాగేనండి."

పెద్దమ్మ గాజుగ్లాసులో టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ గ్లాసు చల్లారిపోతుందా ఖాళీ అవుతుందా అని మేం చూస్తున్నాం. ఆయన తాగాడు. చివరి గుక్క దాకా తాగాడు. ఆ సాయంత్రం మా వీధంతా అదే మాట.

పెద్దమ్మ వద్దని చెప్పలేకపోయింది. దెబ్బ తగిలినావిడకి రోజూ గంజి పట్టుకెళుతున్నది ఆవిడే. "అయితే నేనూ వస్తాను. మిమ్మల్నొక్కర్నీ పంపను," అంది. నేను ఆవిడ చీర కొంగు వదల్లేదు. అక్కకి దగ్గు, మంచులో రావద్దన్నారు. "అయితే మీరొచ్చేదాకా రేవులోనే కూర్చుంటాను," అని మూతి ముడిచింది అక్క.

తెల్లవారుతుండగా పడవ ఎక్కాం. గోదారి మీద మంచు పాల మీద మీగడలా కట్టి ఉంది. లంకలో దిగాక పెద్దమ్మనీ నన్నూ కాపలా పాకలో కూర్చోబెట్టారు. కంద తోట అంచున మనిషెత్తు మంచె కట్టారు. పెదనాన్న దాని మీదెక్కి మోకాలు మీద కూర్చున్నాడు. తోటకి అవతలి వైపు నుంచి మనుషులు డబ్బాలు వాయిస్తూ వస్తారు. పందులు మంచె ముందుకి వస్తాయి. అదీ ఏర్పాటు. ఆసామి చేతికర్ర పట్టుకుని మంచెకి బాగా వెనక, నీటి అంచున ఇసకలో నిలబడ్డాడు. అక్కడైతే ఏ భయమూ ఉండదని.

డబ్బాల మోత మొదలైంది. ఆకులు కదిలాయి. చిన్న పందులు మూడో నాలుగో ముందుకి రాకుండా చెరకులోకి దూరిపోయాయి. అంతలో పెద్దది, ఆవిడని చీరినదే, తోట పక్కనుంచి చీల్చుకుని వచ్చి మంచెని దాటేసి ఇసకలోకి దూకింది. తిన్నగా ఆసామి మీదికి. ఆయన కర్ర పారేసి పరుగెత్తి, నాలుగు అడుగులకే బోర్లా పడ్డాడు. పంది ఇసకదిబ్బ ఎక్కింది. దాని వెనక మంచూ నీళ్ళూ తప్ప ఇంకేమీ కనబడటం లేదు.

పెదనాన్న మంచె మీదే వెనక్కి తిరిగి కాల్చాడు.

అలాంటి చప్పుడు నేను అంతకుముందు వినలేదు. తాటిదూలం చెవి పక్కనే విరిగినట్టు అయింది. పంది ఆగలేదు. గడియ చప్పుడు రెండుసార్లు వినబడింది. మళ్ళీ మోగింది. పంది దిబ్బ మీంచి దొర్లి ఆసామి కాళ్ళకి చేరువలో ఆగిపోయింది.

డబ్బాలవాళ్ళు కేకలు వేస్తూ పరుగెత్తారు. ఆసామి లేచాడు. ఒంటి మీద ఇసక కూడా దులుపుకోకుండా వచ్చి, మంచె దిగుతున్న పెదనాన్నని రెండు చేతులా వాటేసుకుని ఏడ్చాడు. "నా ప్రాణం పోసేరండీ, నా పిల్లల్ని నిలబెట్టేరండీ" అంటూ ఆయన అందరి ముందూ మా పెదనాన్నని వదలడం లేదు. మా వీధి మనుషులు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. మిలటరీ నుంచి వచ్చిన రోజు నుంచీ పెదనాన్న ఎదురుచూసింది ఇలాంటి గౌరవం కోసమే అయి ఉంటుంది. కానీ ఆయన ఆసామి భుజం మీదుగా గోదారి వైపు చూస్తున్నాడు. 

"మొదటిది తగల్లేదు," అన్నాడు.

"ఏటండీ?"

"మొదటి గుండు. దాని వీపు మీంచి పోయింది." చెయ్యి ఎత్తి మంచులోకి చూపించాడు. "అటు పోయింది."

అటు ఏముందో అందరికీ తెలుసు. అటు మా రేవు. పెద్దమ్మ పాకలోంచి లేచి, "అమ్మాయి..." అంటూ పడవ వైపు పరుగెత్తింది.

వెంటనే పడవ ఎక్కి తిరిగి బయల్దేరాం. పెదనాన్న రైఫిల్ బోల్టు ఊడదీసి లాగు జేబులో పెట్టుకున్నాడు. పెద్దమ్మ పెదవులు కదులుతున్నాయి. మంచు కొంచెం పలచబడి ఒడ్డు కనిపించింది. రేవు నిండా జనం. అంత పొద్దున్నే అంత జనం ఎప్పుడూ ఉండరు. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, అందరూ నీళ్ళ దాకా దిగి నిలబడి ఉన్నారు. ఎవరో చేతులు ఊపుతున్నారు. పెద్దమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆ గాజుల గుర్తులు నా చేతి మీద పడ్డాయి.

పడవ నేలకి తగలకముందే పెదనాన్న నీళ్ళలోకి దూకాడు. "ఎవరికి? ఎవరికి తగిలింది?"

"అదే మేం అడుగుతున్నామండి. తగిలిందాండీ? పడిందా పంది?" అంది ముందున్న ఆవిడ. చేతిలో సత్తు గిన్నె. అప్పుడు చూశాను, అందరి చేతుల్లోనూ గిన్నెలూ తట్టలూ ఉన్నాయి. తుపాకీ మోత విని, క్రిస్మస్‌కి మాంసం వస్తుందని వచ్చారు వాళ్ళు.

"మా అమ్మాయేదీ?"

"ఇందాకటి దాకా ఈ మెట్టు మీదే ఉందండి. ఆ సప్పుడికి లేచి ఎల్లిపోయింది."

పెదనాన్న గట్టెక్కి పరుగెత్తాడు. ఆయన వెనక పెద్దమ్మ, ఆవిడ వెనక నేను. ఇంటి వెనక తలుపు తీసి ఉంది. అక్క పొయ్యి పక్కన కూర్చుని, పనసాకుల బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు ఒలుచుకుని బెల్లంపాకంలో ముంచుకుని తింటోంది. పెదనాన్న తడి బట్టలతోనే దాని ముందు కూలబడి, తలా భుజాలూ వీపూ తడిమి చూశాడు. అక్క హడలిపోయింది.

"ఒక్కటే తిన్నాను నాన్నా. ప్రార్థన చేసుకునే తిన్నాను."

పెద్దమ్మ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "తిను తల్లీ. అన్నీ తిను," అంది.

నాకైతే అక్కడితో అయిపోయిందనిపించింది. పెదనాన్నకి అవలేదు. పొడిబట్టలు కట్టుకుని మళ్ళీ చెప్పులేసుకున్నాడు.

"ఎక్కడికండీ?"

"చూసొస్తాను."

"ఏం చూస్తారు?"

"అందరూ ఉన్నారో లేదో."

నేను వెంటపడ్డాను. ఆయన వద్దనలేదు, నన్ను చూసినట్టు కూడా లేడు. రేవులో నిలబడి లంక మీది మంచెని చూసుకుని, అక్కడి నుంచి తిన్నగా ఒక దారి మనసులో గీసుకుని, ఆ వైపున్న ప్రతి గడపకీ వెళ్ళాడు. "ఇంట్లో అందరూ బాగున్నారాండీ? పొద్దున్న బయటికెళ్ళినవాళ్ళు వచ్చేరాండీ? పశువులు బాగున్నాయాండీ?" జనం వింతగా చూశారు. "అందరం బాగున్నామండి, ఏమండీ?" అనేవారు. ఒకావిడ, ఏదో జబ్బు తిరుగుతోందేమోనని పిల్లల్ని లోపలికి పిలిచి తలుపేసుకుంది. మరొకాయన కొడుకు పొలానికి వెళ్ళి ఇంకా రాలేదన్నాడు. కాలవ గట్టు మీద ఆ అబ్బాయి కావిడితో కనిపించేదాకా పెదనాన్న అక్కడే నిలబడ్డాడు. అబ్బాయికి నమస్కారం పెట్టి ముందుకి కదిలాడు.

కల్లుగీసే అతను ఒకడు చెట్టు దిగి ముంత కడుక్కుంటున్నాడు.

"మీకేమైనా వినిపించిందా పొద్దున్న?"

"ఎందుకినబడలేదండీ? చెట్టు మీదున్నాను. ఏదో ఈలేసుకుంటా పోయిందండి పక్కనుంచి. ఏం పిట్టో అనుకున్నాను."

పెదనాన్న ఆ చెట్టు మానుని పట్టుకున్నాడు. "ఎటు పోయింది?"

"అటండి, అయ్యోర్ల వీధికి."

ఆ వీధి చివర ఒక వేదపండితుడి ఇల్లు. పెదనాన్న అలవాటుగా కంచె బయటే ఆగాడు. పెరట్లో ఆయన భార్య, బాగా పెద్దావిడ, మడిబట్ట పిండి ఆరేస్తోంది. పెదనాన్న చేతులు జోడించి అదే ప్రశ్న అడిగాడు.

"మేం బాగానే ఉన్నాం నాయనా. ఆయన లోపల పారాయణలో ఉన్నారు. నాకే పొద్దున్న స్నానం రెండుసార్లయింది."

"అదేంటండీ?"

"ముగ్గు వేసుకుంటుంటే నెత్తిన నీళ్ళు పడ్డాయి. చూస్తే మబ్బు లేదు. కాకి పని అనుకుని మళ్ళీ తలారా పోసుకున్నాను."

పెదనాన్న తలెత్తాడు. నేనూ ఎత్తాను. ముగ్గు మీదికి వంగిన కొబ్బరిచెట్టు గెలలో ఒక బొండం నుంచి ఇంకా చుక్క చుక్కగా నీళ్ళు కారుతున్నాయి. అవతల ఉన్న చెట్టు మానులో, ఆ ఎత్తునే, తెల్లగా కొత్త గంటు కనిపిస్తోంది.

"అది నేను కాల్చిన తూటా అండి," అన్నాడు పెదనాన్న. "లంకలోంచి. నీళ్ళని తాకి పైకి లేచినట్టుంది. లేవకపోతే..."  కంచె పట్టుకుని అలాగే మట్టిలో కూర్చుండిపోయి, ఆరడుగుల మనిషి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పెద్దవాళ్ళు అలా ఏడవడం నేను ఎరగను. భయం వేసి నేనూ ఏడ్చాను.

పెద్దావిడ కారుతున్న బొండం వైపూ, ఆయన వైపూ మార్చి మార్చి చూసింది.  ఆ తర్వాత ఆవిడ బోసినోటితో నవ్వడం మొదలుపెట్టింది.

"బొండం దింపడానికి అంత దూరం నుంచి కాల్చాలటయ్యా? ఇంటికొచ్చి అడిగితే దింపించేదాన్ని కాదూ?"

పెదనాన్న తలెత్తి చూశాడు. ఆవిడ కంచె తలుపు తీసింది. "లే. లోపలికొచ్చి ఆ అరుగు మీద కూర్చో. చంటిదాన్ని కూడా ఏడిపిస్తున్నావు." ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. పారాయణ ముగించుకుని వచ్చిన పండితుడుగారు అంతా విని, చెట్టు గంటుని చాలాసేపు చూసి, "దీర్ఘాయుష్మాన్ భవ" అన్నారు. దీవించింది పెదనాన్ననో, భార్యనో, చెట్టునో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంటికి వచ్చేసరికి వీధంతా పందిమాంసం ఉడుకుతున్న వాసన, మసాలా నూరుతున్న రోళ్ళ చప్పుడు. ఆసామి మా వాటా తొడ భాగం పంపించాడు. వెదురుబద్దలకి రంగు కాగితాలు అంటించి కుర్రకారు చర్చి ముందు నక్షత్రం కడుతున్నారు. పెదనాన్న నేరుగా వెళ్ళి స్నానం చేసి వచ్చాడు.

"రేపు తుపాకీ స్టేషన్లో ఇచ్చేస్తాను," అన్నాడు పెద్దమ్మతో. "మళ్ళీ తెచ్చుకోను."

"మరి వాళ్ళంతా మళ్ళీ..." అంది పెద్దమ్మ. ఏం అడగాలనుకుందో ఆయనకి తెలుసు. తుపాకీ లేకపోతే మళ్ళీ 'ఒరే' అంటారేమో అని.

"అననియ్యి," అన్నాడు.

మా ఇంట్లో దీపాలు పెట్టే వేళ ప్రార్థన పెద్దమ్మే చేసేది. పెదనాన్న తలవంచుకుని కూర్చుని ఆమెన్ అనేవాడు, అంతే. ఆ రోజు పెద్దమ్మ మొదలుపెట్టేలోపు ఆయనే గొంతు సవరించుకున్నాడు. ప్రార్థన మాటలు ఆయనకి రావు. పొద్దున్న చూసిన మనుషుల్ని ఒక్కొక్కరినే చెప్పాడు. రేవులో గిన్నె పట్టుకున్నావిడ ఉంది ప్రభువా. తలుపేసుకున్నావిడ, ఆవిడ పిల్లలు ఉన్నారు. కావిడి అబ్బాయి ఉన్నాడు. కల్లుగీసే అతను ఉన్నాడు. ముగ్గేసుకునే అమ్మగారు ఉన్నారు. ఆసామిగారు ఉన్నారు. నా కూతురు ఉంది. అందరూ ఉన్నారు ప్రభువా, అందరూ ఉన్నారు. ఆమెన్ చెప్పడం మర్చిపోయాడు. మేమే చెప్పాం.

మర్నాడు తుపాకీ వెళ్ళిపోయింది. ఆ తర్వాతి రోజు పొద్దున్న నేను లేచేసరికి ఎండ వాకిట్లోకి వచ్చేసింది, పెద్దమ్మ ఇంకా నిద్రపోతోంది. కోడి కూయకముందే లేచి బీరువా గడియ తడిమి చూసుకునే మనిషి. పెదనాన్న పొయ్యి వెలిగిస్తూ, లేపొద్దని నాకు వేలు చూపించాడు.

లంక పందులకి ఆ తర్వాత కందకం తవ్వి వలలు కట్టారు. పెదనాన్నని మళ్ళీ ఎవరూ 'ఒరే' అనలేదు. ఒకరిద్దరు అన్నారేమో, ఆయన పట్టించుకోలేదు. ఆ పెద్దావిడ ఇంటి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా, "బొండం కావాలా నాయనా?" అని ఆవిడ కేకేసేది. ఆయన చెప్పులు విడిచి లోపలికి వెళ్ళేవాడు.

ఇప్పుడు ఆ లంక సగం కోసుకుపోయింది. ఆ వీధుల్లో డాబాలు లేచాయి. ఆ పొద్దున్న మేం పలకరించిన పెద్దవాళ్ళు ఎవరూ లేరు. పెద్దావిడ కార్తీకమాసంలో పూజ చేసుకుంటూ పోయింది. కల్లుగీసే అతను మనవల చేతుల్లో పోయాడు. ఆసామి పోయినప్పుడు పెదనాన్న పాడె మోశాడు. పెద్దమ్మ నిద్రలో పోయింది, ఆ తర్వాతి వేసవిలో పెదనాన్న. అక్క రాజోలులో ఉంది, మోకాళ్ళ నొప్పులని రోజూ ఫోన్ చేసి అరగంట చెబుతుంది. నేను ఒక్కసారి కూడా విసుక్కోకుండా వింటాను.